గిటార్ నేర్చుకునేవాళ్ళకు చెవి సాధన: ముందు గొంతు, తర్వాతే వేళ్ళు

గిటార్ మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకు చాలామందికి బండి ఒకేచోట ఆగిపోతుంది. జి, సి, డి, ఈ మైనర్ (Em) కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు నొక్కే పట్లు, వేళ్ళకు వచ్చేస్తాయి. వీడియో చూస్తూ ఓ పది పాటలు వాయించేస్తారు కూడా. శనివారం రాత్రి రూమ్‌లో ఎవరో ఉన్నట్టుండి ఒక పాట అందుకుంటే మాత్రం చేతులు కదలవు. ఫోన్ తీసి ఆ పాట కార్డులు వెతికేలోపు పాట అయిపోతుంది.

చెన్నైకి చదువుకో ఉద్యోగానికో వచ్చి గిటార్ పట్టిన మనవాళ్ళకు వారాంతాల్లో నేర్పుతుంటాను. వేళచ్చేరి, ఓఎంఆర్ రోడ్డు పీజీ హాస్టళ్ళలో ఉండే పిల్లలే ఎక్కువ. వాళ్ళలో వేళ్ళ సమస్య ఉన్నవాళ్ళు తక్కువే, అది సాధనతో తీరిపోతుంది. వినడం అలవాటు కాకపోవడమే అసలు అడ్డంకి. దానికి నేను చెప్పే వరుస ఇది: విను, పాడు, వెతుకు, సరిచూసుకో. చాలామంది వినగానే ఫ్రెట్ల మీద (గిటార్ మెడ మీది అడ్డ పట్టీల మీద) తడుముకోవడం మొదలుపెడతారు, మధ్యలో ఉన్న ‘పాడు’ అనే మెట్టును ఎగ్గొడతారు. గొంతులోకి రాని స్వరాన్ని వేళ్ళు వెతకలేవు.

‘నాకు సంగీత జ్ఞానం లేదండీ’ అనేవాళ్ళకు ఒక్క ప్రశ్న. పెళ్ళిలో ఎవరైనా మైకు పట్టుకుని శ్రుతి తప్పి పాడితే మీకు ఇబ్బందిగా అనిపిస్తుందా? అనిపిస్తే మీ చెవి బాగానే ఉంది. స్వరం వినగానే దాని పేరు చెప్పగలిగే శక్తి కొద్దిమందికి ఉంటుంది, అది మనకు అక్కర్లేదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరం ఎంత దూరంలో ఉందో తెలిస్తే చాలు.

ముందుగా చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఒక గిటార్, ఒక ఫోన్, ఒక జత ఇయర్‌ఫోన్లు. ఇయర్‌ఫోన్లు ఎందుకంటే, గిటార్ ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావు తీగ, సుమారు 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 సార్లు అదురుతూ మోగుతుంది. ఫోన్‌కుండే బుల్లి స్పీకర్ అంత కింది ధ్వనిని సరిగా పలికించలేదు. పాటలో బేస్, అంటే అన్నిటికంటే కింద నడిచే స్వరం, ఎటు పోతోందో వినాలంటే ఫోన్ స్పీకర్ పనికిరాదు. పనికిరాని స్పీకర్‌లో విని ‘నాకు బేస్ వినపడదు’ అని బెంగపెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

తీగలు పాతవైతే మార్చేయండి. చెన్నై ఉప్పు గాలికి, చెమటకి తీగలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగ ఎంత తిప్పినా శ్రుతికి నిలవదు, దాంతో చెవి సాధన చేస్తే చెవికి తప్పుడు పాఠం చెప్పినట్టే. కొత్త సెట్టు కోసం అన్నాసాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ దాకా వెళ్ళొచ్చు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, ఏదైనా ఒకటే. ఏసీ గదిలోంచి గిటార్‌ను బాల్కనీలోకి తెస్తే పది నిమిషాలు ఆగి ట్యూన్ చేయండి. వేడికి ఉక్కు తీగ సాగి శ్రుతి దిగిపోతుంది.

ఫ్యాన్ ఆపేయండి. మే నెలలో ఈ మాట చెబితే తిడతారని తెలుసు, కాబట్టి పది నిమిషాలే అడుగుతున్నాను.

మొదటి మెట్టు: తీగతో గొంతు కలపడం

ఐదో తీగను ఏమీ నొక్కకుండా మీటండి. మోగుతుండగానే ‘ఆ’ అంటూ గొంతు కలపండి. మగవాళ్ళలో చాలామందికి ఇది అందుతుంది. ఆడవాళ్ళు మూడో తీగతో మొదలుపెడితే హాయిగా ఉంటుంది. గొంతుకు అందని తీగైతే దాని పైస్థాయిలో పాడండి, తప్పేం లేదు. పీజీలో రూమ్మేట్లు నవ్వుతారని మొహమాటమైతే నోరు మూసుకుని ‘మ్’ అనండి. తలలో కలిగే అదురు వల్ల శ్రుతి కలిసిందో లేదో ఇంకా బాగా తెలుస్తుంది కూడా.

కలిసిందని ఎలా తెలుస్తుంది? గొంతు, తీగ రెండూ వేరువేరుగా వినపడినంతసేపూ కలవనట్టే. మెల్లగా గొంతు పైకీ కిందికీ జరపండి. ఒకచోట మీ గొంతు మీకే వినపడదు, తీగ శబ్దం మాత్రం పెద్దదైనట్టు ఉంటుంది. అదీ ఆ చోటు. అక్కడ నాలుగు శ్వాసలు నిలబడండి. ఆ తర్వాత తీగను అరచేత్తో ఆపేసి, గొంతు మాత్రం కొనసాగించి, ఐదు సెకన్లాగి మళ్ళీ మీటండి. ఇంకా కలిసే ఉందా, జారిపోయిందా? వారం పాటు ఈ ఒక్కటే చేసినా నష్టం లేదు.

దీంతోపాటు మీ శ్రుతి తెలుసుకోండి. ఫోన్‌లో ఏదైనా తంబురా యాప్ పెట్టి, మీకు హాయిగా ‘స’ అనిపించేది ఎక్కడో చూడండి. మన వైపు పాటగాళ్ళు చెప్పే లెక్క ప్రకారం ఒకటో శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఏ. హార్మోనియం తెల్ల మెట్లకు అంకెలు, నల్ల మెట్లకు అరలు. ఎవరైనా అక్క ‘నాది ఐదున్నర’ అంటే, మీరు కేపోను (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పును) మొదటి ఫ్రెట్ మీద బిగించి జి కుటుంబం కార్డులు, అంటే జి, సి, డి లాంటివి, పట్టుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఇంట్లో పూజకైనా, ఆఫీసు ఫంక్షన్‌కైనా పాడేవాళ్ళ పక్కన ధైర్యంగా కూర్చోవచ్చు.

రెండో మెట్టు: ట్యూనర్ చూడకుండా శ్రుతి చేయడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. వినడం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపించే పని గిటార్ మీద ఇంకొకటి లేదు.

పద్ధతి పాతదే. ఆరో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చే స్వరం, ఖాళీగా మీటిన ఐదో తీగ స్వరం ఒకటే కావాలి. ఐదో తీగ ఐదో ఫ్రెట్ నాలుగో తీగకు సమానం, నాలుగో తీగ ఐదో ఫ్రెట్ మూడో తీగకు. మూడో తీగను మాత్రం నాలుగో ఫ్రెట్‌లో నొక్కి రెండో తీగతో పోల్చాలి. మళ్ళీ రెండో తీగ ఐదో ఫ్రెట్ ఒకటో తీగకు సమానం.

రెండు తీగలూ ఒకేసారి మోగించి వినండి. దాదాపు కలిసినా పూర్తిగా కలవనప్పుడు శబ్దం ‘వావ్... వావ్... వావ్’ అని ఊగుతుంది. ఆ ఊపుకి లెక్కుంది. ఒక తీగ 110 హెర్ట్జ్, ఇంకోటి 108 అయితే సెకనుకు రెండు ఊపులు. 109కి తెస్తే ఒకటి. పూర్తిగా కలిస్తే ఊపు ఆగిపోయి శబ్దం నిటారుగా నిలబడుతుంది. ఊపు వేగం పెరుగుతోందంటే మీరు చెవిని తప్పు వైపు తిప్పుతున్నారు. నేను చెబుతున్నది తల మీది చెవి కాదు, తీగ బిగించే కీలు. ఏ తీగనైనా కొంచెం వదులు చేసి, కిందినుంచి పైకి బిగిస్తూ తీసుకురండి. పైనుంచి దించి వదిలేస్తే తీగ కాసేపటికి ఇంకా జారుతుంది.

ఈ ఊపు చెవికి పట్టుబడనివాళ్ళకు ఇంట్లోనే ఒక ప్రయోగం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం ఇన్వర్టర్ కరెంటు వచ్చాక చార్జ్ అవుతూ ‘గుంయ్’ అంటుంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ గుంయ్ దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్. ఇన్వర్టర్ పక్కన కూర్చుని ఆ స్వరం మీటి చూడండి. సెకనుకు సుమారు రెండుసార్లు గాలి ఊగినట్టు వినపడుతుంది. నొక్కిన తీగను వేలితోనే కొద్దిగా పక్కకు లాగితే స్వరం పెరిగి ఊపు నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు. చూడనివ్వండి. ఒక్కసారి ఆ ఊపు దొరికితే ఇక జన్మలో పోదు.

అంతా అయ్యాక ట్యూనర్ యాప్ తీసి సరిచూసుకోండి. యాప్ తప్పు కాదు, దాన్ని ముందు తీయడమే తప్పు. జవాబు చూసి లెక్క చేస్తే లెక్క ఎలా వస్తుంది?

ఇక రెండో తీగ సంగతి. కర్ణాటక సంగీతం కొంత నేర్చుకుని గిటార్‌కు వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. మా అపార్ట్‌మెంట్ కుర్రాడొకడు, చిన్నప్పుడు గుంటూరులో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడు, ఓ రోజు విసుగ్గా వచ్చాడు.

‘అన్నా, జి కార్డ్ పట్టుకుంటే రెండో తీగ ఎప్పుడూ కాస్త పైనే ఉంటోంది. యాప్ మాత్రం కరెక్టే అంటోంది. యాప్‌ని నమ్మాలా, నా చెవిని నమ్మాలా?’

‘రెండూ కరెక్టేరా. తీగ కొంచెం దించి, జి కార్డ్ తియ్యగా అనిపించాక, ఈ మేజర్ (E) కార్డ్ పట్టుకుని చూడు.’

దించాడు. జి తేనెలా మోగింది. ఈ మేజర్ పట్టుకోగానే మొహం చిట్లించాడు. ‘ఛీ, ఇదేంటి?’

జరిగింది ఇది. జి కార్డ్‌లో ఖాళీ రెండో తీగ ‘గ’, అంటే అంతరగాంధారం అవుతుంది. తంబురాతో పాడేవాళ్ళ అంతరగాంధారం కన్నా గిటార్ ఫ్రెట్ల గాంధారం కాస్త ఎక్కువ. ఒక ఫ్రెట్ దూరాన్ని 100 భాగాలు చేస్తే అందులో సుమారు 14 భాగాలంత. ఈ మేజర్ కార్డ్‌లో అదే తీగ ‘ప’ అవుతుంది, పంచమం దిగితే ఎవరి చెవైనా ఒప్పుకోదు. అన్ని కార్డులూ వాయించగలిగేలా ఫ్రెట్లు సమానంగా సర్దారు. ఆ సౌకర్యం కోసం ప్రతి కార్డూ కొంచెం సర్దుకుంటుంది. కాబట్టి ఒక్క కార్డ్‌ను తియ్యగా చేయడానికి తీగను దించకండి. మీ చెవి ఆ తేడా పట్టుకుందంటే మాత్రం సంతోషించండి.

మూడో మెట్టు: ఒక్క తీగ మీద స్వరాల దూరం

స్కేల్ బొమ్మలు కాసేపు పక్కన పెట్టండి. ఒకే తీగ తీసుకోండి, ఖాళీ తీగ ‘స’ అనుకోండి. అప్పుడు ఏడో ఫ్రెట్ ‘ప’, పన్నెండో ఫ్రెట్ పై ‘స’. మొదట ఈ మూడే. ‘స’ మీటండి, ‘ప’ను గొంతుతో పాడండి, ఆ తర్వాతే ఏడో ఫ్రెట్ నొక్కి సరిచూసుకోండి. ముందు నొక్కి తర్వాత పాడితే మీరు అనుకరిస్తున్నారు. ముందు పాడి తర్వాత నొక్కితేనే గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

స, ప కుదిరాక గాంధారాలు. మూడో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్. ఈ రెండింటి మధ్య తేడా పట్టుబడటానికి కొన్ని వారాలు పట్టినా కంగారు పడొద్దు, రేపు మేజర్, మైనర్ కార్డుల తేడా మొత్తం ఇక్కడే ఉంటుంది. ఆ తర్వాత మోహన రాగం స్వరాలు: 0, 2, 4, 7, 9, 12 ఫ్రెట్లు. ఐదే స్వరాలు, వాటిలో ఎటు తిరిగినా వినసొంపుగానే ఉంటుంది. అందుకే మొదటి రాగంగా దీన్నే ఇస్తాను. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్ళకు మాయామాళవగౌళ ఎలాగూ గొంతులో ఉంటుంది. దాన్ని 0, 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్ల మీద పెట్టి చూసుకోండి, పాత స్నేహితుడు కనపడినంత ఆనందంగా ఉంటుంది.

ఇద్దరుంటే ఇది ఆటలా చేయొచ్చు. ఒకరు గిటార్ వెనక్కి తిప్పుకుని ‘స’, దాని వెనకే ఇంకో స్వరం మీటుతారు. రెండోవాళ్ళు దాన్ని పాడి, తర్వాత తమ గిటార్ మీద వెతకాలి. ఫ్రెట్ నంబర్ ఊహించి చెప్పడం కుదరదు, పాడాల్సిందే.

పాడి వాయించడం అనేది నేను కనిపెట్టిన కిటుకేం కాదు. పాలకొల్లులో 1969లో పుట్టి, చెన్నై నుంచి ప్రపంచమంతా తిరిగిన మాండలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగల మీద పలికించేవాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు కాబట్టి చెవే దారి చూపాలి. ఫ్రెట్లున్న వాయిద్యం మీద గమకాలు పలకవేమో అని అనుమానించేవాళ్ళు శ్రీనివాస్ కచేరీ రికార్డింగ్ ఒకటి వింటే చాలు.

నాలుగో మెట్టు: కార్డ్ లోపల ఏముందో వినడం

మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం అని చాలా వీడియోల్లో చెబుతారు. నాకు ఈ సూత్రం మీద నమ్మకం లేదు. మన పాటల్లో మైనర్ నడకలో చిందులేయించేవీ ఉన్నాయి, మేజర్‌లో కంటతడి పెట్టించేవీ ఉన్నాయి. భావాన్ని బట్టి ఊహిస్తే సగంసార్లు బోల్తా పడతారు.

దానికి బదులు ‘గ’ను వెతకండి. ఈ మేజర్ పట్టుకోండి. మూడో తీగ మొదటి ఫ్రెట్ మీదున్న చూపుడు వేలు ఎత్తేస్తే ఈ మైనర్. మారింది ఒక్క స్వరం, ఒక్క ఫ్రెట్. వేలు పెడుతూ, ఎత్తుతూ ఆ ఒక్క స్వరాన్నే గొంతుతో పాడండి. తర్వాత ఆరు తీగలూ కలిపి మీటి, ఆ గుంపులోంచి దాన్ని బయటికి తీసి పాడండి. మొదట్లో ఒకటో తీగ శబ్దమే చెవిన పడుతుంది, లోపలి తీగలు దాక్కుంటాయి. నాలుగు రోజులు పట్టుబడితే తీగ తీగా విడివిడిగా వినిపించడం మొదలవుతుంది.

కార్డ్ మారిందని తెలుసుకోవడానికి మాత్రం కిందికి వినాలి, అంటే బేస్‌ను. జి, సి, డి కార్డులు వాయించి రికార్డ్ చేసుకుని, మరుసటి రోజు వింటూ అడుగు స్వరాన్ని మాత్రమే పాడండి. జి నుంచి సికి వెళ్ళినప్పుడు ‘స’ నుంచి ‘మ’కి, డికి వెళ్ళినప్పుడు ‘ప’కి వెళ్తున్నారు. ఈ రెండు కదలికలూ, వాటికి తోడు ఈ మైనర్, అంటే ‘ధ’ మీద నిలిచే మైనర్ కార్డ్, గుర్తుపట్టగలిగితే తేలికపాటి పాటలు ఎన్నో మీ చేతిలో ఉన్నట్టే.

తాళం గురించి చిన్న మాట

స్వరాల ధ్యాసలో పడి తాళం మర్చిపోతారు. పాట వింటూ ముందు కాలితో దరువు వేయండి, స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) తర్వాత. మీరు వాయించింది ఫోన్‌లో రికార్డ్ చేసి, వెంటనే కాదు, మర్నాడు వినండి. కార్డ్ మారే చోట ఆలస్యం, తేలిక భాగంలో తొందర, ఈ రెండూ దాదాపు ప్రతి ఒక్కరిలో ఉంటాయి. వాయిస్తున్నప్పుడు ఇవి వినపడవు.

ఐదో మెట్టు: ఒక పాటను చెవితో దించడం

మొదటి పాటకు పెద్ద ఆర్కెస్ట్రా ఉన్న సినిమా పాట తీసుకోకండి. అమ్మ పాడే లాలి పాటో, భజనో, హారతి పాటో తీసుకోండి. అమ్మను ఫోన్‌లో పాడమని రికార్డ్ చేసుకుంటే ఇంకా మంచిది. వాయిద్యాలు అడ్డురావు, పైగా పాట ఎలాగూ మీకు నోటికి వచ్చు.

గిటార్ ముట్టకుండా మూడుసార్లు వినండి. ఒకసారి తాళం కోసం, ఒకసారి వరస కోసం, ఒకసారి పాట ఏ స్వరం దగ్గర ఆగుతోందో దానికోసం. మూడోదే కీలకం. పాటను ఎక్కడైనా ఆపి ‘ఇక అయిపోయింది’ అనిపించే స్వరం పాడి చూడండి, చాలావరకు అదే ‘స’. ఆ స్వరాన్ని గొంతులో పట్టుకుని ఉండగానే ఆరో తీగ మీద వెతకండి. దొరికాక పల్లవి మొదటి ముక్క, నాలుగైదు స్వరాలకు మించకుండా, పాడి వెతకండి. వేగం ఎక్కువైతే యూట్యూబ్‌లో 0.75కి తగ్గించండి, వేగం తగ్గినా శ్రుతి మారదు.

ఒక చిక్కు ముందే చెబుతాను. పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటలు కొన్ని రెండు ఫ్రెట్ల మధ్య ఎక్కడో ఉంటాయి, టేపు వేగంలో తేడా వల్ల. ఏ ఫ్రెట్ పెట్టినా కలవదు, మన చెవి మీదే మనకు అనుమానం వస్తుంది. అలాంటప్పుడు గిటార్‌నే ఆ పాట శ్రుతికి జరుపుకోండి.

నెట్‌లో దొరికే కార్డులు చూడటం చివరి పని. వాటిలో తప్పులు బోలెడు. మీకు వచ్చినదానికీ వాళ్ళు రాసినదానికీ తేడా ఉంటే రెండూ వాయించి, పాటతో ఏది కలుస్తుందో చెవితో తేల్చుకోండి.

చెన్నైలో ఉన్నందుకు దక్కే లాభం

డిసెంబర్, జనవరి నెలల్లో ఇక్కడ సభలన్నీ, అంటే సంగీత సంస్థల హాళ్ళన్నీ, కచేరీలతో నిండిపోతాయి. సాయంత్రం పెద్ద కచేరీలకు టికెట్లుంటాయి గానీ పగటి కచేరీలు చాలాచోట్ల ఉచితం. గిటార్ వాయించేవాడికి అక్కడ ఏం పని అనుకోకండి. త్యాగరాజు కీర్తనలు మన తెలుగే కాబట్టి, పక్కనున్న తమిళ మామీకి లేని సౌకర్యం మీకు ఒకటుంది: మాట అర్థమవుతుంది, ఇక స్వరం మీద ధ్యాస పెట్టొచ్చు.

పది నిమిషాలు ముందే వెళ్ళి తంబురా శ్రుతి చేయడం వినండి. కచేరీలో మాత్రం గాయకుడి మీద కన్నా వయొలిన్ మీద చెవి పెట్టండి. రాగాలాపన ముందే రాసుకున్నది కాదు. గాయకుడు ఏ సంగతి (స్వరాల మలుపు) వేస్తాడో వయొలిన్ విద్వాంసుడికి తెలియదు. అయినా గొంతు వెనకే నీడలా వస్తాడు, గాయకుడు ఆగగానే చివరి ముక్కను అందుకుని తిరిగి పలుకుతాడు. విని, వెంటనే తీగ మీద పెట్టడం ఎలా ఉంటుందో ఇంతకన్నా దగ్గరగా ఇంకెక్కడ చూస్తాం? ఏడో వరసలో కూర్చుని మనసులోనే ఆ చివరి ముక్కను మీరూ పాడుకోండి.

రోజుకు ఎంతసేపు

ఇరవై నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు గొంతు కలపడం, ఐదు నిమిషాలు యాప్ లేకుండా శ్రుతి, మిగతా పది ఒకే తీగ మీద స్వరాలకో పాట ముక్కకో. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా వదిలేస్తే చెవి మళ్ళీ మొదటికొస్తుంది. ఇయర్ ట్రైనింగ్ యాప్‌లు మెట్రోలో టైంపాస్‌కి బాగుంటాయి, కానీ నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం వేరు, గొంతుతో పలకడం వేరు.

ఎవరో పాట అందుకున్నప్పుడు ఏం చేయాలి

బీసెంట్ నగర్ బీచ్‌లో నలుగురూ కూర్చుని ఉండగా ఒకరు పాట మొదలుపెట్టారు. ఫోన్ తీయకండి. మొదటి రెండు లైన్లు ఏమీ వాయించకుండా వినండి, పెదవులు కదలకుండా ‘స’ను లోలోపల పట్టుకోండి. ఆరో తీగ మీద మెల్లగా వెతకండి. దొరికాక ఆ ఒక్క తీగనే తాళానికి మీటుతూ ఉండండి, కార్డ్ తొందరేం లేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మేజరో మైనరో ఒకటి మెల్లగా మీటి చూడండి, తేడా కొడితే రెండోది. బేస్ మారాలనిపించిన చోట ముందు ‘మ’ కార్డ్, కుదరకపోతే ‘ప’ కార్డ్. అసలు ‘స’యే తప్పిందనిపిస్తే ఎక్కువసార్లు సరైనది పక్క ఫ్రెట్‌లోనే ఉంటుంది, ఆగకుండా ఒక్క ఫ్రెట్ అటో ఇటో జరపండి. పాడేవాళ్ళకు అది తెలియను కూడా తెలియదు.

ఇంటికి రాగానే తీగలు పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.